ప్రీ ద లోజాన్‌కి అమ్మాయి వీడియో పంపాలా? ఫైనల్‌కి రాని అమ్మాయి తండ్రిగా నా జవాబు

మీ అమ్మాయికి 15 నిండాయి, ఎనిమిదేళ్లుగా బ్యాలే నేర్చుకుంటోంది, టీచరు ప్రీ ద లోజాన్ అనే అంతర్జాతీయ బ్యాలే పోటీకి వీడియో పంపమంటున్నారు, ఎంపిక కాకపోతే పిల్ల డీలా పడిపోతుందేమో అని అడిగారు. పంపండి. మా అమ్మాయి రెండుసార్లు పంపింది. మొదటిసారి పిలుపు రాలేదు. రెండోసారి పోటీ జరిగే లోజాన్ ఊరి దాకా వెళ్లింది గానీ ఫైనల్‌కి రాలేదు.

మొదటిసారి పోవడంలో నా చెయ్యి కూడా ఉంది. బార్ (ఆసరాగా పట్టుకునే అడ్డకర్ర) పట్టుకుని చేసేవి, ఆసరా లేకుండా సెంటర్లో చేసేవి, అలా ఎక్సర్‌సైజులు వీడియో తీసి పంపాలి. తీసింది నేను. నాకు బ్యాలేలో ఓనమాలు తెలియవు. కూతురి ముఖం బాగా పడాలని జూమ్ చేసుకుంటూ పోయాను. గడువు చివరి రాత్రి హడావిడిగా పంపేశాం. మర్నాడు టీచరు చూసి తల పట్టుకున్నారు: రెండు ఎక్సర్‌సైజుల్లో మోకాళ్ల కింద ఏమీ లేదు. పాదాలు కనపడకపోతే బ్యాలేలో ఇంకేం చూస్తారు? రెండో ఏడు కెమెరాని స్టాండు మీద పెట్టి, నన్ను గదిలోంచి బయటికి పంపేశారు.

పోటీ గురించి క్లుప్తంగా. 1973లో స్విట్జర్లాండ్‌లో బ్రౌన్‌ష్వైగ్ దంపతులు మొదలుపెట్టారు. 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకే. అప్పటికే ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద పనిచేసినవాళ్లకి అర్హత లేదు. వచ్చిన వీడియోల్లోంచి సుమారు 80 మందిని పిలుస్తారు, ఫైనల్‌కి 20 మంది దాకా మిగులుతారు. అసలు బహుమతి స్కాలర్‌షిప్. దానితో పార్ట్‌నర్ స్కూల్లో చదువుకోవచ్చు, లేదా ఒక బ్యాలే కంపెనీలో అప్రెంటిస్‌గా చేరొచ్చు. తర్వాత పెద్ద బ్యాలే డాన్సరుగా పేరుపడ్డ కార్లోస్ అకోస్టా 1990లో ఇక్కడే గోల్డ్ మెడల్ కొట్టాడు. అలాగే పేరున్న డాన్సర్లు డార్సీ బస్సెల్ (1986), అలీనా కోజొకారు (1997) కూడా ఇక్కడ గెలిచినవాళ్లే.

పేరుకి పోటీ గానీ, దగ్గర్నుంచి చూస్తే వారం రోజుల క్లాసు. పిల్లలు రోజూ క్లాసికల్ (సంప్రదాయ బ్యాలే) క్లాసు, కాంటెంపరరీ (ఈకాలపు నాట్యశైలి) క్లాసు చేస్తారు. జ్యూరీ అక్కడే కూర్చుని ఆ క్లాసులకూ మార్కులు వేస్తుంది. స్టేజీ మీద ఒంటరిగా చేసే రెండు నిమిషాల నాట్యం, అంటే వేరియేషన్, ఒక్కటీ వజ్రంలా సానబెట్టుకుని వచ్చిన పిల్లలు ఇక్కడే తేలిపోతారు. కొత్త స్టెప్పు ఒకసారి చూపిస్తే ఎంత త్వరగా పట్టుకుంటుంది, చెప్పిన తప్పు రెండోసారి దిద్దుకుందా, పాట నెమ్మదిస్తే ఒంట్లో కూడా ఆ నెమ్మది కనపడుతుందా, ఇవి చూస్తారు. ఇప్పుడున్న నాట్యం కంటే రేపు ఏమవుతుందో వాళ్లకి ముఖ్యం. ఇన్‌స్టాలో ఎన్ని గిరికీలు తిరిగిందో లెక్కపెట్టే వీడియోలు చూసి పెరిగిన మా అమ్మాయికి ఇది కాస్త చేదుగానే తగిలింది. (ఆ వీడియోలంటే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట, అది వేరే సంగతి.)

నేను ఎదురుగా కూర్చుంటే దానికి టెన్షన్ అని, అదే ఊళ్లో ఉండి క్లాసుల్ని ఫోన్లో లైవ్ చూశాను. లియోటార్డ్‌కి (ఒంటికి అతుక్కునే డాన్సు డ్రెస్సుకి) పిన్నులతో గుచ్చిన నంబరు, తడిసిన జుట్టు, మూలన నిలబడి చేతివేళ్లతో స్టెప్పులు లెక్కపెట్టుకోవడం. పదేళ్లుగా ఫీజులు కడుతున్నా, మా అమ్మాయి పనిచేస్తుండగా అంతసేపు చూడటం అదే మొదటిసారి.

టీచరుకి తెలిసే ఉంటుంది గానీ మీకూ చెప్తున్నాను: అక్కడి స్టేజీ చదునుగా ఉండదు, వెనక నుంచి ముందుకి కొద్దిగా వాలుగా ఉంటుంది. కంటికి ఆనదు, కాలికి ఆనుతుంది. మా అమ్మాయి వేరియేషన్ జిజెల్ అనే బ్యాలే మొదటి అంకంలోది. అందులో ఎడమకాలి పాయింటు మీద, అంటే వేళ్ల కొసల మీద, నిలబడి చిన్న చిన్న గెంతులు వేస్తూ, కుడికాలితో గాల్లో సున్నాలు చుడుతూ, ఏటవాలుగా ముందుకి రావాలి. చదును నేల మీద ఏడాది సాధన చేసింది. వాలు మీద మొదటి రిహార్సల్లో మూడో గెంతుకే ఒంటి బరువు ముందుకి తోసేసింది, మడమ దించేసింది. కోచ్ ఏమీ అనలేదట. 'నేల నిన్ను కిందకి లాగుతోంది, నువ్వు వెన్ను పైకి లాగు' అని మాత్రం చెప్పి మళ్లీ చేయించారట. ఆ రాత్రి గదిలో మంచం మీద కూర్చుని షూ రిబ్బన్లు విప్పి మళ్లీ కుడుతూ అదే మాట గొణుక్కుంటూనే ఉంది. స్టేజీ రోజున గెంతులన్నీ పూర్తి చేసింది. చివరి తిరుగుళ్లలో మాత్రం కాస్త తూలింది.

కాంటెంపరరీని చిన్నచూపు చూడకండి. క్లాసికల్‌తో సమానంగా పట్టించుకుంటారు. వాళ్లిచ్చిన జాబితాలోంచి ఎంచుకోవాలి. మేము అది ఆఖర్న మొదలుపెట్టాం. మా తప్పుల్లో పెద్దది అదే అనుకుంటాను, వీడియో కంటే కూడా.

ఇంకొకటి, తిండి సంగతి. దరఖాస్తుతో పాటు ఆరోగ్య వివరాలు కూడా అడుగుతారు. పిల్ల మరీ బక్కచిక్కి ఉంటే డాక్టర్లు అభ్యంతరం పెట్టొచ్చు. మా అమ్మాయికి అంతకుముందున్న ఒక టీచరు 'పోటీకి ముందు రెండు కేజీలు తగ్గితే లైన్ (నాట్యంలో ఒంటి తీరు) బాగుంటుంది' అన్నారు. ఆ మాట దాని బుర్రలోంచి తీయడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. మీ అమ్మాయితో ఎవరైనా అలా అంటే ఆ రోజే వెళ్లి మాట్లాడండి, మర్యాద చూసుకోకండి.

ఇక మీ అసలు భయం. ఫైనల్ జాబితాలో నంబరు లేదని తెలిసిన సాయంత్రం ఏడ్చింది. బాగానే ఏడ్చింది. మీ అమ్మాయీ ఏడుస్తుంది, దానికి మందేమీ లేదు. కానీ ఫైనల్‌కి రానివాళ్లు వెంటనే తిరుగు ప్రయాణం కట్టకూడదు. స్కాలర్‌షిప్ దక్కని పిల్లల కోసం నెట్‌వర్కింగ్ ఫోరం అని పెడతారు. వారమంతా క్లాసులు గమనించిన స్కూళ్ల వాళ్లు తమకి నచ్చిన పిల్లల్ని అక్కడ పిలిచి మాట్లాడతారు. మా అమ్మాయికి ఒక స్కూలు నుంచి పిలుపు వచ్చింది. ఫీజు మేమే కట్టుకోవాలి, స్కాలర్‌షిప్ కాదు. అయినా చేరింది, ఇప్పుడు రెండో ఏడు. ఆ స్కూలు వాళ్లకి నచ్చింది వేరియేషన్ కాదట. బుధవారం క్లాసులో తప్పు చేసి, నవ్వేసి, మళ్లీ సరిగ్గా చేసిందట, అది చూశారు. నేనూ లైవ్‌లో చూశాను ఆ క్లాసు. నాకు తప్పు ఒక్కటే కనపడింది.

వేరే పోటీల గురించి కూడా అడిగారు. 1999లో మొదలైన యూత్ అమెరికా గ్రాండ్ ప్రీలో 9 ఏళ్ల పిల్లలు కూడా చేయొచ్చు, చాలా ఊళ్లలో సెమీఫైనల్స్ జరుగుతాయి. స్టేజీ అనుభవం తక్కువున్న పిల్లకి ముందు అదే నయం. బల్గేరియాలోని వర్నా పోటీ 1964 నాటిది, ఆరుబయట జరుగుతుంది. దానికి మేము వెళ్లలేదు.

15 అంటే మీ చేతిలో ఇంకా సమయముంది. ఈ ఏడు గడువు దగ్గరపడితే హడావిడిగా పంపకండి, వచ్చే ఏడు పంపండి. ఈలోగా ఆ పోటీవాళ్ల పాత వీడియోలు అమ్మాయికి చూపించండి. ఫైనల్స్ కాదు, కోచింగ్‌వి. వీడియో తీసే పని మాత్రం మీవారికి అప్పగించకండి.