నాలుగు వారాల లండన్ చదువుకు లక్ష రూపాయల అప్పు అవసరమా?

ప్రశ్న: ఎం.ఏ. ఆంగ్ల సాహిత్యం చదువుతున్నాను. నా వయసు 22. జులైలో లండన్‌లో నాలుగు వారాల వేసవి కోర్సుకు ఎంపికయ్యాను. ఫీజు, బ్లూమ్స్‌బరీ ప్రాంతంలో హాస్టల్ గది ఉపకార వేతనం కిందే వస్తాయి. భోజనం మాత్రం మాదే, ఉమ్మడి వంటగది ఉంది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టినదీ ఇంట్లో ఇచ్చినదీ కలిపి 2,60,000 రూపాయలతో మొదలుపెట్టాను. విమానం, వీసా, బీమాకు 98,000 అయిపోయాయి. మిగిలిన దాంట్లో 60,000 ఈక్విటీ మ్యూచువల్ ఫండ్‌లో ఉన్నాయి. నాలుగు నాటకాలు, ఆరు మ్యూజియాలు, రెండు సాయంత్రాల భోజనం కలిపి గైడుతో చూపిస్తామని ఒక ట్రావెల్ ఏజెంటు 85,000 అడుగుతున్నారు. నాన్న 5,000 అడ్వాన్సు ఇచ్చేశారు. మిగతాదానికి, చేతి ఖర్చులకు లక్ష రూపాయల వ్యక్తిగత రుణం తీసుకుంటానంటున్నారు. చదువుకోవడానికి వెళ్తూ నాటకాలకూ తిండికీ ఆయనతో అప్పు చేయించడం తప్పనిపిస్తోంది. అవన్నీ మానేస్తే అంత దూరం వెళ్లి ఏం లాభం అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: రుణం వద్దు, ప్యాకేజీ వద్దు. నాటకాలు మాత్రం మానకండి. నాటకం చదివే విద్యార్థికి నాటకశాల పాఠంలో భాగమే కాబట్టి దాన్ని విలాసాల ఖాతాలో రాసుకోకండి. మీ దగ్గరున్న డబ్బు సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న. సరిపోతుంది, కొంత మిగులుతుంది కూడా.

లెక్క సులువుగా ఉండేందుకు పౌండును 120 రూపాయలుగా తీసుకుంటున్నాను. మీరు కొనే రోజు రేటును బట్టి సవరించుకోండి. చేతిలో ఉన్న 1,62,000 అంటే 1,350 పౌండ్లు. అందులో 250 పౌండ్లు అత్యవసరానికి పక్కన పెట్టి, అవి లేవనే అనుకోండి. మిగిలిన 1,100 పౌండ్లతో 28 రోజులు గడవాలి. రోజుకు 39 పౌండ్లు. అద్దె కట్టుకోవాల్సిన వారికి లండన్‌లో ఇది ఏమాత్రం చాలదు. అద్దె లేని వారికి ఇది హాయిగా బతికే మొత్తం. మీకు గది ఉచితంగా రావడమే ఈ ప్రయాణంలో పెద్ద వరం. పైగా అది బ్లూమ్స్‌బరీలో ఉంది. బ్రిటిష్ మ్యూజియం, బ్రిటిష్ లైబ్రరీ రెండూ నడిచి వెళ్లే దూరమే.

ఇప్పుడు ఏజెంటు ఇచ్చిన పట్టిక తీసి చూడండి. అందులోని ఆరు మ్యూజియాల్లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, టేట్ మోడర్న్ ఉండి తీరతాయని నా అనుమానం. వీటి శాశ్వత ప్రదర్శనలకు ఎవరికైనా ప్రవేశం ఉచితం. బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తెరిచింది ఉచితంగానే. సాహిత్య విద్యార్థి తప్పక చూడాల్సిన నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి కూడా టికెట్టు లేదు. 1856లో స్థాపించిన ఆ సంస్థ సేకరణలో మొట్టమొదటిది షేక్స్‌పియర్ చిత్రమే. బ్రిటిష్ లైబ్రరీలో అరుదైన రాతప్రతులు ఉంచిన గ్యాలరీ చూడడానికీ డబ్బు కట్టనక్కర్లేదు. ఉచితంగా దొరికే వాటికి గైడు పేరుతో పౌండ్లు కట్టడం ఎందుకు? పగలు తరగతులుంటాయి కదా అంటారేమో. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మూడూ శుక్రవారాలు రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి.

ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం టికెట్టు కొనాలి. ఇక్కడ మీ వయసు పనికొస్తుంది. టేట్‌లో 16 నుంచి 25 ఏళ్ల వారికి ఉచిత సభ్యత్వ పథకం ఉంది. అందులో చేరితే ప్రదర్శన టికెట్టు 5 పౌండ్లకే ఇస్తారు. ఇంటి దగ్గర నుంచే ఆన్‌లైన్‌లో చేరవచ్చు. డౌటీ వీధిలోని డికెన్స్ మ్యూజియం, హాంప్‌స్టెడ్‌లోని కీట్స్ ఇల్లు చిన్నవే గానీ టికెట్టు ఉన్నవి. మీ చదువుకు ఆ డబ్బు పెట్టదగ్గదే. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో కవుల సమాధులున్న మూల చూడాలంటే టికెట్టు 30 పౌండ్ల దాకా ఉంటుంది. సాయంకాల ప్రార్థనకు ప్రవేశం ఉచితమే, అయితే అప్పుడు లోపలంతా తిరిగి చూడనివ్వరు. వీటన్నిటికీ కలిపి 45 పౌండ్లు రాసుకోండి. అబ్బే తప్పకుండా చూడాలనుకుంటే మరో 30 కలపండి.

నాటకాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మీ భయమంతా ఇక్కడే ఉంది. పెద్ద నాటకశాలలు గుంపుగా ఉన్న వెస్ట్ ఎండ్ ప్రాంతంలో పేరున్న ప్రదర్శనకు మంచి సీటు వంద పౌండ్లు దాటుతుందన్న మాట నిజమే. కానీ లండన్‌లో నాటకం చూడడానికి అదొక్కటే దారి కాదు. థేమ్స్ ఒడ్డున 1997లో తిరిగి కట్టిన షేక్స్‌పియర్ గ్లోబ్‌లో రంగస్థలం ముందు నిలబడి చూసేవారికి ప్రదర్శనకు 700 చోట్లు ఉంటాయి. చాలా ఏళ్లు ఆ టికెట్టు 5 పౌండ్లే. ఇప్పుడు రోజును బట్టి 10 దాకా ఉంటోంది. షరతులు రెండు. ప్రదర్శన జరుగుతున్నంతసేపూ నిలబడే ఉండాలి. పైన కప్పు లేదు, అయినా గొడుగు విప్పనివ్వరు. కాబట్టి వానకోటు, నడవడానికి పనికొచ్చే బూట్లు పెట్టెలో పెట్టుకోండి. నాలుగు వందల ఏళ్ల నాడు మామూలు జనం ఆ నాటకాలు చూసింది కూడా అలా నిలబడే. పరీక్షలో ప్రేక్షకుల గురించి వ్యాసం రాసేటప్పుడు కాళ్ల నొప్పి పనికొస్తుంది.

అదే ఒడ్డున ఉన్న నేషనల్ థియేటర్‌లో 16 నుంచి 25 ఏళ్ల వారి పథకంలో 10 పౌండ్లకే టికెట్లు దొరుకుతాయి. ముందే పేరు నమోదు చేసుకుని, వయసు తెలిపే గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. అవి అయిపోతే శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకు తర్వాతి వారానికి 10 పౌండ్ల టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు. వెస్ట్ ఎండ్ నాటకాలకైతే లెస్టర్ స్క్వేర్‌లోని టీకేటీఎస్ కౌంటరులో అదే రోజు టికెట్లు తగ్గింపు ధరకు అమ్ముతారు. ఏది కొన్నా ఆ థియేటర్ సొంత వెబ్‌సైట్‌లోనో, ఈ కౌంటరులోనో కొనండి. మధ్యవర్తుల సైట్లు అసలు ధర మీద గట్టిగానే బాదుతాయి.

నా లెక్క ఇది. గ్లోబ్‌లో మూడు నాటకాలకు 30, నేషనల్ థియేటర్‌లో రెండింటికి 20, తగ్గింపులో దొరికే రెండింటికి 60 పౌండ్లు. ఇవి కాక వెస్ట్ ఎండ్‌లో ఒక్క నాటకానికి 70 పౌండ్లు పెట్టి, స్తంభం అడ్డు లేని సీటులో దర్జాగా కూర్చుని చూడండి. ఆ ఒక్కదానికి బేరం ఆలోచించవద్దు. మొత్తం 180 పౌండ్లు, ఎనిమిది నాటకాలు. ఏజెంటు చూపిస్తానన్నది నాలుగు.

షేక్స్‌పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్ కానీ ఆక్స్‌ఫర్డ్ కానీ ఒక రోజు వెళ్లి రావడానికి 70 పౌండ్లు ఉంచాను. 35 పౌండ్ల రైల్‌కార్డు కొంటే టికెట్టులో మూడో వంతు తగ్గుతుందని ఎవరైనా చెబుతారు. ఒక్క ప్రయాణానికైతే అది దండగ. ముందుగా కొన్న బస్సు టికెట్టు దానికన్నా చవక.

తిండి విషయానికి వస్తే, రోజుకు 12 పౌండ్లు చాలు. ఉదయం, రాత్రి ఉమ్మడి వంటగదిలో వండుకుని, మధ్యాహ్నం సూపర్‌మార్కెట్‌లో శాండ్‌విచ్, చిరుతిండి, పానీయం కలిపి అమ్మే సెట్టు కొనుక్కుంటే అది 4 పౌండ్ల దగ్గర తేలుతుంది. అలా 28 రోజులకు 336 పౌండ్లు. దీనికి తోడు వారానికి ఒకసారి 25 పౌండ్లు పెట్టి బయట తినండి. గ్లోబ్‌కు నడక దూరంలోనే బరో మార్కెట్ ఉంది, సోమవారం మూసేస్తారు. మన తిండి మీద మనసు పోతే, యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమండ్ వీధిలో భారతీయ శాకాహార హోటళ్లు మీ హాస్టల్‌కు దగ్గరే. హోటల్ బిల్లులో సర్వీసు చార్జి అని చాలాచోట్ల 12.5 శాతం కలుపుతారు. అది ఐచ్ఛికమని బిల్లు మీదే రాసి ఉంటే తీసేయమని అడగవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు. సీసా నీళ్లు కొనకండి. మామూలు కుళాయి నీళ్లు అడిగితే ఊరికే ఇస్తారు.

నగర ప్రయాణానికి 130 పౌండ్లు రాశాను. ఎర్ర బస్సు ఎక్కితే 1.75 పౌండ్లు, గంట లోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ చార్జీ పడదు. బస్సులో నగదు తీసుకోరు, కార్డు తాకించాలి. రోజంతా ఒకే కార్డు వాడండి. పొద్దున కార్డు, సాయంత్రం ఫోను తాకిస్తే రెండూ వేర్వేరు ప్రయాణికుల కింద లెక్కపడి, రోజుకు ఇంతకు మించి చార్జీ పడకూడదన్న గరిష్ఠ పరిమితి లాభం పోతుంది. 18 ఏళ్లు దాటిన విద్యార్థులకు ఇచ్చే రాయితీ ఆయిస్టర్ కార్డు (లండన్ బస్సులు, రైళ్లలో వాడే కార్డు) మీకు రాదు, దానికి కోర్సు కనీసం 14 వారాలు ఉండాలి. సిమ్‌కు 15, బట్టలు ఉతకడం లాంటి వాటికి 30.

అన్నీ కలిపితే 906 పౌండ్లు. 1,100లో ఇంకా 194 మిగిలాయి. పుస్తకాలో, అబ్బే టికెట్టో, మీ ఇష్టం. నాటకాలు, మ్యూజియాలు, ఊరి బయట ప్రయాణం మూడూ కలిపినా 295 పౌండ్లు, అంటే 35,400 రూపాయలు. ఇందుకోసం ఇంట్లో లక్ష అప్పు చేస్తే, 14 శాతం వడ్డీతో రెండేళ్లకు నెలకు 4,800 రూపాయల వాయిదా పడుతుంది. వడ్డీ ఒక్కటే 15,000 దాటుతుంది.

టికెట్ల ధరల కన్నా డబ్బు తీసుకెళ్లే పద్ధతి గురించి నాకు ఎక్కువ బెంగగా ఉంది. క్రెడిట్ కార్డు మీదే మొత్తం ఖర్చు చేస్తే, చాలా కార్డులు విదేశీ కరెన్సీలో ఖర్చుకు 3.5 శాతం దాకా అదనపు రుసుము (మార్కప్) వేసి దాని మీద 18 శాతం జీఎస్టీ కలుపుతాయి. మీ 1,100 పౌండ్లకు, అంటే 1,32,000 మీద ఇది 5,450 రూపాయలు. గ్లోబ్‌లో నాలుగు నాటకాలు చూసే డబ్బు ఎవరికీ కనపడకుండా పోతుంది. పౌండ్లతో నింపిన ఫోరెక్స్ కార్డు తీసుకోండి. రేటు ఇంకా తగ్గుతుందేమో అని ఎదురుచూడకుండా, బయల్దేరేలోగా రెండు మూడు విడతలుగా నింపండి. చివరి విడత అక్కడికి వెళ్లాక అవసరాన్ని బట్టి ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. మిగిలిన పౌండ్లను మళ్లీ రూపాయల్లోకి మార్చుకుంటే రెండోసారి నష్టం. నగదు వంద పౌండ్లు చాలు. క్రెడిట్ కార్డు అత్యవసరానికి వేరే సంచిలో ఉంచి, యాప్‌లో అంతర్జాతీయ వాడకం తెరిచి పెట్టండి. దాంతో ఏటీఎంలో మాత్రం డబ్బు తీయవద్దు, ఆ క్షణం నుంచే వడ్డీ మొదలవుతుంది. దుకాణంలో యంత్రం రూపాయల్లో కడతారా, పౌండ్లలోనా అని అడిగితే ప్రతిసారీ పౌండ్లే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్లకు నచ్చిన రేటు వేస్తారు. టీసీఎస్ (విదేశీ మారకం కొనేటప్పుడు ముందే వసూలు చేసే పన్ను) గురించి ఎవరైనా భయపెట్టినా పట్టించుకోకండి, ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయల లోపు విదేశీ మారకానికి అది వర్తించదు.

మ్యూచువల్ ఫండ్‌లోని 60,000 ఈ వారమే తీసేయండి. తేదీ ఖరారైన ఖర్చుకు ఉంచిన డబ్బు షేర్ మార్కెట్లో ఉండకూడదు. కొని ఏడాది కాకపోతే చాలా ఈక్విటీ ఫండ్లలో ముందే తీసినందుకు 1 శాతం రుసుము (ఎగ్జిట్ లోడ్) పడుతుంది. పడితే పడనివ్వండి, 600 రూపాయలు. బీమా పాలసీలో ఆసుపత్రిలో చేరితే ఎంత ఇస్తారో కూడా ఒకసారి చదవండి. ప్రమాదం జరిగితే అత్యవసర విభాగంలో చికిత్సకు సందర్శకుల దగ్గర డబ్బు తీసుకోరు గానీ, వార్డులో చేర్చుకుంటే అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. పాలసీ మొత్తం చిన్నదైతే ఇప్పుడే పెంచుకోండి. నేను పక్కన పెట్టమన్న 250 పౌండ్లు ఆసుపత్రి బిల్లుకు ఏ మూలకూ రావు.

ఇక ఏజెంటుకు ఇచ్చిన 5,000 సంగతి. రద్దు షరతులు రాతపూర్వకంగా అడగమనండి, నాన్నగారు ఈమెయిల్‌లోనే వాపసు కోరితే మంచిది. వస్తే సంతోషం. రాకపోయినా, పోయిన ఆ 5,000 కోసం మిగతా 80,000 కట్టవద్దని ఆయనకు నా మాటగా చెప్పండి.