వోల్టామెట్రీ మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నెల్లూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సైక్లిక్ వోల్టామెట్రీ, అంటే ద్రావణంలోని ఎలక్ట్రోడ్ మీద వోల్టేజిని ముందుకూ వెనక్కూ జరుపుతూ కరెంటు కొలిచే పద్ధతి, తీసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన కావలి ఇంటి పిల్ల ఈ పనిలోకి వస్తున్నందుకు ఎంతో గర్వపడ్డాను. వెంటనే దిగులూ పట్టుకుంది, ఎందుకంటే ఆ వోల్టేజిని నడిపే పరికరం, పొటెన్షియోస్టాట్, ఎప్పుడూ ఏదో ఒక చక్కని గ్రాఫు గీసి ఇస్తుంది కానీ, అది దేనివల్ల అలా వచ్చిందో చెప్పదు.

గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్‌ను ప్రతి పూటా 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడితో రుద్దు. బోరు నీళ్లనూ క్యాను నీళ్లనూ సెల్ దరిదాపులకు రానీయకు. స్కాన్, అంటే వోల్టేజి జరపడం, నడుస్తుండగా ద్రావణం కదలకూడదు. పదార్థం ద్రావణంలో ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే వ్యాపన గుణకం డిగ్రీకి దాదాపు 2 శాతం మారుతుంది కాబట్టి, నెల్లూరు మే నెలలో ‘గది ఉష్ణోగ్రత’ అని రాసి ఊరుకోకుండా థర్మామీటరు చూసి అంకె వేయి.

పీక్ కరెంటు, అంటే గ్రాఫులో శిఖరం దగ్గరి కరెంటు, స్కాన్ రేటు (వోల్టేజి జరిపే వేగం) వర్గమూలంతో పెరుగుతుందని 1948లో రాండిల్స్, షెవ్‌చిక్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా చూపించారు. వేగంగా స్కాన్ చేస్తే ఎలక్ట్రోడ్ పక్కన పదార్థం తగ్గిపోయిన పొర మందం పెరగడానికి వ్యవధి ఉండదు, అందుకే అక్కడ గాఢతలో తేడా నిటారుగా ఉండి కరెంటు ఎక్కువవుతుంది. కరెంటు వర్గమూలంతో కాక నేరుగా స్కాన్ రేటుతోనే పెరిగితే, పదార్థం ఎలక్ట్రోడ్‌కు అంటుకుని ఉందేమోనని అనుమానించు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, నిదానంగా చదువు. మా ప్రయోగశాలలో తెలివైన కుర్రవాడొకడు ఫెర్రిసయనైడ్ అనే ఇనుము సమ్మేళనం మీద పనిచేస్తూ, ద్రావణంలో కరెంటు తేలిగ్గా పారడానికి వేసే ఉప్పు పొటాషియం క్లోరైడ్‌ను 0.01 మోలార్ మాత్రమే వేసి, వోల్టేజిని దేనితో పోల్చి కొలుస్తామో ఆ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ను దూరంగా పెట్టాడు. స్కాన్ రేటు పెంచేకొద్దీ వెళ్లేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ వచ్చే రెండు పీకుల మధ్య దూరం పెరిగింది. ఎలక్ట్రాన్ బదిలీ మందకొడిగా ఉందని నిర్ణయించుకుని, నికల్సన్ అనే శాస్త్రవేత్త 1965లో ఇచ్చిన పద్ధతితో ఆ బదిలీ వేగాన్ని చెప్పే రేటు స్థిరాంకం కట్టి, ఒక అధ్యాయమంతా రాశాడు. ఫెర్రిసయనైడ్ గాఢత రెట్టింపు చేస్తే ఆ దూరం మారుతుందా అని పరీక్షకుడు అడిగారు. చేసి చూస్తే ఇంకా పెరిగింది. మందకొడి బదిలీ వల్ల వచ్చే ఎడం ఫెర్రిసయనైడ్ గాఢతను బట్టి మారదు; ద్రావణ నిరోధం వల్ల వచ్చే ఎడం కరెంటుతోపాటు పెరుగుతుంది. నువ్వే లెక్కవేసి చూడు: 3 మిల్లీమీటర్ల డిస్క్, 1 మిల్లీమోలార్ ఫెర్రిసయనైడ్, సెకనుకు 100 మిల్లీవోల్టులు అనుకుంటే కరెంటు 16 మైక్రోఆంపియర్ల చుట్టూ ఉంటుంది. అంత పలుచని ఉప్పులో నిరోధం సుమారు 1,000 ఓమ్‌లు. ఒక్కో పీకు దాదాపు 16 మిల్లీవోల్టులు పక్కకు జరిగి, 59 మిల్లీవోల్టులు ఉండవలసిన దూరం 90 దగ్గరికి చేరుతుంది. అతని అధ్యాయం మొత్తం కొట్టివేయవలసి వచ్చింది, ఆ పిల్లవాడు కోలుకోవడానికి చాలా కాలం పట్టింది.

అందుకని ఉప్పు 1 మోలార్ వేయి, రిఫరెన్స్‌ను దగ్గరగా పెట్టు. ఫెర్రిసయనైడ్ గాఢత మార్చి చూడకుండా రేటు స్థిరాంకం కట్టావని తెలిస్తే మాత్రం గట్టిగా కోప్పడతాను తల్లీ. నీ శ్రమ అలా పోకూడదనే నా బాధ.

నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇంకొకటి ఉంది. ఫెర్రిసయనైడ్‌లో గాఢమైన ఆమ్లం కలిస్తే విషవాయువైన హైడ్రోజన్ సయనైడ్ వెలువడవచ్చు. వాడిన ద్రావణాన్ని ఆమ్లాలు పోసే సీసాలో ఎన్నడూ పోయకు. దానికి వేరే సీసా పెట్టి, పేరూ తేదీ రాసిన చీటీ అంటించి, ఆ గదిలో పనిచేసేవాళ్లందరికీ చూపించు.

ఇట్లు,
మీ మామయ్య