మొక్కజొన్న కవరు మట్టిలో ఎందుకు కలవలేదు?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. మొక్కజొన్న పిండితో చేసిన కవర్లనీ, మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతాయనీ చెప్పి ఒక వ్యాపారి అమ్మాడు. రేటు ఎక్కువైనా కొన్నాం. వినాయక చవితికి ఒక కవరును పెరట్లో మందారం పాదులో పాతిపెట్టాను. సంక్రాంతికి తవ్వి చూస్తే అక్కడక్కడా చిల్లులు పడ్డాయి, అంతే. మేం మోసపోయామా సార్?
- ఒక పాఠకురాలు

జవాబు: కొన్న సరుకును మట్టిలో పెట్టి చూశారు, ఆ శ్రద్ధ నాకు చాలా నచ్చిందమ్మా. కానీ ఆ ఒక్క పరీక్షతో కవరు నకిలీదని తేల్చలేం.

ఇలాంటి కవర్లలో సాధారణంగా పీఎల్‌ఏ అనే పదార్థం ఉంటుంది. మొక్కజొన్న, చెరకు లాంటి వాటి చక్కెరను పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. పెరుగుకు పులుపునిచ్చేది అదే. దాని అణువులను గొలుసుగా కలిపితే పీఎల్‌ఏ అవుతుంది. విడిగా అది పెళుసు, అందుకని సాగే గుణమున్న పీబీఏటీ అనే మరో ప్లాస్టిక్‌ను కలుపుతారు. పీబీఏటీ ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు దాన్ని తినగలవు. కాబట్టి కవరంతా మొక్కజొన్నే అంటే నమ్మకండి.

ఆ గొలుసులు త్వరగా తెగాలంటే తేమతో పాటు వేడి కూడా ఉండాలి. మన దేశంలో వీటికి వర్తించే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ప్రకారం 58 డిగ్రీల కంపోస్టులో 180 రోజుల్లోగా 90 శాతం కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. మందారం పాదులో అంత వేడి ఎక్కడిది? చెయ్యి పెడితే చురుక్కుమనే పెద్ద కంపోస్టు కుప్పలో ఉంటుంది. అదే కవరు మురుగు కాలువలో పడితే చాలాకాలం అలాగే ఉంటుంది, ఆవు తిన్నా ప్రమాదమే.

2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించిన మొక్కజొన్న పిండి సంచుల కౌంటర్ తెరిచారు. అవి 90 రోజుల్లో కలిసిపోతాయని అప్పట్లో చెప్పారు. ఆ ప్రయత్నం నాకు సంతోషమే. కానీ ఆ సంచులు భక్తులతో ఊరూరికీ వెళ్లిపోతాయి, వాటన్నిటినీ ఒకచోట పోగుచేసి కంపోస్టు చేసేదెవరు? నా బెంగంతా అదే.

ఇక మీ కవరు సంగతి. దాని మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ సర్టిఫికెట్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చినదై ఉండాలి. 2022 డిసెంబర్ 31 నుంచి క్యారీబ్యాగులకు 120 మైక్రాన్ల మందం తప్పనిసరి. సర్టిఫికెట్ ఉన్న కంపోస్టబుల్ కవర్లకు, అంటే కంపోస్టు కుప్పలో కలిసిపోయేవాటికి, ఆ నిబంధన లేదు. ఉత్త ‘బయోడిగ్రేడబుల్’ అన్న ముద్ర, ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటే సరిపోదు. నంబరు లేకపోతే బిల్లు పట్టుకెళ్లి వ్యాపారిని అడగండి.

మరో మాట, పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. పొయ్యి మీంచి దించిన సాంబారును ఈ కవర్లలో పోయకండి. క్యారేజీ తెచ్చుకున్నవాళ్లకు ఒక గరిటె ఎక్కువ వేయండి, వారం తిరిగేసరికి సగం మంది తెచ్చుకుంటారు. వేపుళ్లు, పచ్చళ్లు అరిటాకులో కట్టివ్వొచ్చు. మిగిలిన కవర్లను కూరగాయల తొక్కలు వేయడానికి వాడుకోండి. అయితే మీ మున్సిపాలిటీ తడిచెత్తను నిజంగా కంపోస్టు చేస్తోందా, ఈ కవర్లతో పాటే తీసుకుంటుందా అని ముందుగా కనుక్కోండి.