‘స్టువర్టుపురం దొంగ’ జాతీయమేనా?

సందేహం: ఆరితేరిన దొంగను ‘స్టువర్టుపురం దొంగ’ అనడం మా ప్రాంతంలో వాడుక. దీన్ని జాతీయంగా భావించి రచనల్లో వాడవచ్చునా?

సమాధానం: వాడుకలో ఉన్న మాట నిజమే. అయినా రచనలో వాడకూడదనే నా అభిప్రాయం. ‘కొండపల్లి బొమ్మ’, ‘ఉప్పాడ చీర’ అన్నప్పుడు ఊరి పేరు చోటును మాత్రమే కాక వస్తువు రకాన్నీ, నాణ్యాన్నీ తెలుపుతుంది. మీరడిగిన మాట నిర్మాణమూ అదే కావడంతో, దొంగతనం ఒక మనిషి చేసిన పనిగా కాక ఊరంతటి లక్షణంగా వినబడుతుంది.

ఈ ముద్ర వెనుక చట్టం ఉంది. కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు చేర్చి అమ్ముకొనే ఎరుకల తెగవారి వ్యాపారాన్ని రైళ్లూ, ఉప్పుపై సర్కారు గుత్తాధిపత్యమూ దెబ్బతీశాయి. ఆ దశలోనే, 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో కొత్త రూపంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించి, వారి పేర్లు పట్టీకెక్కించి, పోలీసుల ఎదుట హాజరు వేయించుకోవాలనీ, అనుమతి లేనిదే ఊరు దాటరాదనీ కట్టడి చేసింది. అలా పట్టీకెక్కినవారిని ఉంచడానికి బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నిర్వహణలో, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరుతో వెలసిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. ఊరు దాటనివ్వని మనిషికి తిరిగి అమ్ముకొనే బతుకుతెరువు ఎక్కడిది? నేరం చేయకముందే నేరస్థుడన్న పేరు పడితే, చేసినా చేయకపోయినా ఒకటేనన్న నిస్పృహ కలుగుతుంది. ఎక్కడ చోరీ జరిగినా ముందు తన తండ్రినే పట్టుకుపోతారని ఎరిగి పెరిగే పిల్లవాడు తనను తాను లోకం కళ్లతోనే చూసుకోవడం నేర్చుకుంటాడు. చట్టం 1952లో రద్దయి, ఆ తెగలు ‘విముక్త జాతులు’ అయ్యాయి. జాషువా కుమార్తె హేమలతా లవణం అక్కడి వారి పునరావాసానికి ఎంతో శ్రమించారు. ఇంత జరిగినా, పట్టీలోంచి పోయిన పేరును మన పలుకుబడి వదలలేదు.

వ్యాకరణమూ ఇక్కడ ఆలోచించదగినదే. ‘దొంగిలించాడు’ అనే క్రియకు కాలముంది, పని అక్కడితో ముగుస్తుంది. ‘దొంగ’ అనే నామవాచకానికి కాలం లేదు, మనిషి మానుకున్నా అది మానదు. కనుక వార్తలు రాసేవారు తీర్పు వచ్చేదాకా ‘నిందితుడు’ అనీ, ఆపైన చేసిన పనిని క్రియతోనూ చెప్పడం న్యాయం. నైపుణ్యం సూచించాలంటే ‘గజదొంగ’, ‘ఘరానా దొంగ’ ఉండనే ఉన్నాయి. నిఘంటుకారులు మాత్రం ఈ మాటను దాచనక్కరలేదు; ఆరోపం ఎలా వచ్చిందో వివరించి, ‘నిందార్థకం’ అన్న గుర్తుతో చేర్చవచ్చు.