కుంట బాగుకు గ్రాంట్ అడిగే ముందు దాని తూము ఎక్కడుందో వెతకండి

"మా కాలనీ పక్కన నాలా, దాని కింద చిన్న కుంట రెండూ పాడైపోయాయి. బాగు చేయించడానికి కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే) గ్రాంట్ దొరుకుతుందా? ప్రపోజల్ ఎవరితో రాయించాలి?" అని అడిగారు.

దొరుకుతుంది. మాకు దొరికింది. కానీ నాలుగేళ్లు దీని వెంట తిరిగిన మనిషిగా చెప్తున్నాను, ప్రపోజల్ రాయించడం గురించి ఇప్పుడే ఆలోచించకండి. మీ కుంటలోకి వాన నీళ్లు ఏ దారిన వస్తాయి, నిండాక ఏ దారిన పోతాయి అన్నది ముందు మీ కాలనీలో కనీసం ఇద్దరికి తెలియాలి. అది తెలియకుండా ఎన్ని లక్షలు తెచ్చినా బెంచీలు వస్తాయి, కుంట రాదు.

మాది హైదరాబాద్ శివారు. కుంట నాలుగెకరాలు. పైన ఒక పెద్ద చెరువు, కింద ఇంకొకటి. పైది నిండితే మత్తడి (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు) దూకి మా కుంటలోకి, ఇది నిండితే కిందికి. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ అంతా ఈ గొలుసుకట్టు మీదే బతికింది. మాకు అవేవీ పట్టేవి కావు. దాన్ని దోమల గుంట అనుకునేవాళ్లం. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు మా వీధిలో నడుము లోతు నీళ్లొచ్చాయి. మా అమ్మను నేనూ పక్కింటి అబ్బాయీ కుర్చీలో కూర్చోబెట్టి వాళ్ల మేడ మీదికి మోసుకెళ్లాం. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే, కుంట మత్తడి ఉండాల్సిన చోట ఎవరిదో ప్రహరీ గోడ ఉంది. నీళ్లకు దారి లేక మా ఇళ్లలోకి వచ్చాయి.

అప్పుడు మేం చేసిన తప్పే మీరు చేయబోతున్నారని నా భయం. నెల రోజులు కూర్చుని పద్నాలుగు పేజీల ప్రపోజల్ రాశాం. వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్, రెయిలింగ్, లైట్లు, నాలుగు వందల మొక్కలు. తొమ్మిది కంపెనీలకు పంపితే రెండు జవాబిచ్చాయి. ఒకరు "ఆ భూమి ఎవరిది, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న అధికారుల పత్రం) ఉందా?" అన్నారు. రెండో వాళ్లు "మీ సీఎస్ఆర్-1 నంబర్ (సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థల రిజిస్ట్రేషన్) చెప్పండి" అన్నారు. మా దగ్గర రెండూ లేవు.

ఈ కాగితాల సంగతి చెప్పేస్తాను. నెట్‌వర్త్ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెప్తుంది. పర్యావరణం ఆ పనుల జాబితాలో ఉంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. కానీ ఆ డబ్బు నేరుగా కాలనీ సంఘం ఖాతాలో పడదు. తీసుకునే సంస్థకు 12ఏ, 80జీ (ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు) ఉండాలి, మూడేళ్లు ఇలాంటి పనులు చేసిన అనుభవం ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. కాలనీ సంఘాల్లో చాలావాటికి సొసైటీ రిజిస్ట్రేషన్ తప్ప ఇంకేదీ ఉండదు. చెరువుల మీద పనిచేసే ఒక ట్రస్టుతో ఒప్పందం రాసుకుని మేం ముందుకు పోయాం. ట్రస్టును ఎంచుకునేటప్పుడు వాళ్ల ఫొటోలు చూడకండి, రెండేళ్ల కింద వాళ్లు బాగుచేసిన చెరువు దగ్గరకు ఒక సాయంత్రం వెళ్లి నిలబడండి. వాసన వస్తే వెనక్కి వచ్చేయండి.

హద్దు విషయానికి వస్తే, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో మీ కుంట లేక్ ఐడీ, ఎఫ్‌టీఎల్ (కుంట పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) మ్యాపు ఉన్నాయేమో చూడండి. ఆ హద్దు నోటిఫికేషన్ ప్రిలిమినరీయా, ఫైనలా అన్నది తప్పకుండా చూడండి. ఫైనల్ కాకపోతే కంపెనీ లీగల్ టీమ్ అక్కడే ఆపేస్తుంది. 25 ఎకరాల లోపు కుంటకు ఎఫ్‌టీఎల్ నుంచి 9 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని జాగా) వదలాలి, అంతకంటే పెద్ద చెరువుకు 30 మీటర్లు. 2025లో హైడ్రా (హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) తవ్వించిన అంబర్‌పేట బతుకమ్మ కుంట సంగతి మీరూ వినే ఉంటారు. చెత్తా పిచ్చిమొక్కలతో నిండిపోయిన నేలలో కొంచెం తవ్వగానే నీళ్లు ఊరాయి. అక్కడ కూడా భూమి మీద కోర్టు గొడవలు నడిచాయి. మన ఊళ్లో నీళ్ల పని అంటే సగం భూమి పనే.

ఇంకో మాట. మీ ప్రపోజల్‌లో "చిత్తడి నేల" అన్న మాట తెగ వాడకండి. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టుకున్న చెరువులను ఆ నిర్వచనంలోంచి తీసేశారు. తెలుగు నేల మీద చెరువులన్నీ దాదాపు మనుషులు కట్టినవే కదా! వందల ఏళ్లుగా తుంగ, జమ్ము, కొంగలు, చేపలు ఉన్నచోటును పుట్టుకను బట్టి పక్కన పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒక కంపెనీ ఫారంలో "ఇది నోటిఫై అయిన చిత్తడి నేలా?" అని అడిగితే కాదని రాయాల్సి వచ్చింది. ఆ ఒక్క జవాబుతో ఆ దారి మూసుకుపోయింది.

ఇక అసలు సంగతి. మాకు జవాబిచ్చిన కంపెనీల్లో ఒకదాని నుంచి ముగ్గురు ఫిబ్రవరిలో కుంట చూడటానికి వచ్చారు. ముందు రోజంతా కట్ట మీద ముళ్ల చెట్లు కొట్టించి, ముగ్గు పోసి, మ్యాపు ఫ్లెక్సీ కట్టాం. ఆ టీమ్‌లోని అమ్మాయి "నీళ్లు ఎటునుంచి వస్తాయి?" అని అడిగింది. నేను నాలా వైపు చేయి చూపించాను. మేకలు తోలుకుంటూ అటుగా వచ్చిన ఒక పెద్దాయన ఆగిపోయాడు. వాళ్ల నాయన ఈ కుంటకు నీరటి. పొలాలు ఉన్న రోజుల్లో తూము (కట్ట కింద నుంచి పొలాలకు నీళ్లు వదిలే దారి) తీసి, మూసి, ఎవరి మడికి ఎంత నీళ్లో చూసిన ఇల్లు అది. మా కాలనీలో ఏ ఒక్కరమూ ఆయనతో అప్పటిదాకా మాట్లాడలేదు.

"అవి మీ బాత్రూముల నీళ్లు సారూ. వాన నీళ్ల తొవ్వ గిది గాదు" అన్నాడు.

మమ్మల్ని కుంటకు పడమటి వైపు తీసుకెళ్లాడు. దారిలో తన చేతికర్రను ఒడ్డున బురదలోకి గుచ్చి, బలమంతా పెట్టి దించి, మెల్లగా పైకి లాగాడు. కర్రకు మూరెడు మేర తారులా నల్లటి మడ్డి, దాని కింద బెత్తెడు బూడిద రంగు ఒండ్రు, చివర జేగురు రంగు బంకమట్టి. నల్లదాన్ని గోటితో గీకి చూపిస్తూ ఆ అమ్మాయితో "గీ నల్లదే తీయాలె బిడ్డా. కింది బంకమట్టి జోలికి పోవద్దు. దాన్ని తీస్తే కుంటల నీళ్లాగయి" అన్నాడు. మా ప్రపోజల్‌లో మాత్రం రెండు మీటర్లు తవ్వాలని రాసుంది.

పడమటి గట్టున పైచెరువు నుంచి వచ్చే కాల్వ నోరు ఇళ్లు పడగొట్టిన చెత్తతో మూసుకుపోయి ఉంది. అక్కణ్నుంచి ఆయన కట్ట మీదికొచ్చి, ఒక వేపచెట్టుకు సూటిగా నిలబడి, ఏడెనిమిది అడుగులు వేసి "ఇక్కడ తవ్వుండ్రి" అన్నాడు. మా సెక్రటరీ గారు పార తెచ్చారు. అరగంటకు రాతి స్తంభం తల బయటపడింది, పక్కనే రెండోది. తూము! అడ్డరాతిలో కర్ర దిగే రంధ్రం అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. చేత్తో తడిమి చూశాను. ఎన్ని తరాల చేతులు ఆ కర్రను ఎత్తి దించితే రాయి అలా అరుగుతుందో! మేం పదకొండేళ్లుగా దాని మీదుగానే నడుస్తున్నాం.

ఆ రాత్రే ప్రపోజల్ మార్చేశాం. ట్రాక్, జిమ్, లైట్లు అన్నీ తీసేసి మురుగు మళ్లింపు, కాల్వ నోరు తెరవడం, తూము, మత్తడి బాగుచేయడం, మడ్డి ఎత్తివేత, ఇంతే రాశాం. ఆ కంపెనీ ఒప్పుకోలేదు. మురుగు మళ్లింపు ప్రభుత్వ పని కదా, మేం మొక్కలకు, ఫెన్సింగ్‌కు, బెంచీలకు ఇవ్వగలం అన్నారు. ఆ అమ్మాయి విడిగా ఫోన్ చేసి "సార్, మురుగు ఆపించుకుని రండి, అప్పుడు ఎవరైనా ఇస్తారు" అని చెప్పింది. నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే. మురుగును పక్కనుంచి తీసుకుపోయే పైపు కోసం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు ఏడాదిన్నర తిరిగాం. మత్తడికి అడ్డంగా ఉన్న గోడ వేరే కథ, టెన్షన్‌తో బీపీ మాత్రలు మొదలైంది అప్పుడే. పైపు పడింది. గోడలో మత్తడి వెడల్పు మేర తీయించారు.

ఆ తర్వాత ఇంకో కంపెనీ 22 లక్షలు ఇచ్చింది. డిసెంబర్ నాటికి ఎన్‌వోసీలు చేతిలో ఉండటం వల్లే అది జరిగింది. కంపెనీల లెక్కల సంవత్సరం మార్చితో ముగుస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో ఖర్చు కాని డబ్బు కోసం సిద్ధంగా ఉన్న పనులు వెతుకుతారు. మడ్డి తీసే కాలం కూడా వేసవే. కాగితాలు లేకపోతే డబ్బు జూన్‌లో వస్తుంది, అప్పటికి వాన. మడ్డి ఎక్కడ పోయాలన్నది కూడా ముందే తేల్చుకోండి. చెరువుల పూడిక తీసిన ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయలో ఊళ్లలో చెరువు మట్టి రైతులు పొలాలకు తోలుకున్నారు. పట్నంలో పొలాలు లేవు, మురుగు కలిసిన మడ్డి పొలానికి పనికిరాదు కూడా. మా 22 లక్షల్లో సగానికి పైగా టిప్పర్లకే పోయింది.

బ్యూటిఫికేషన్ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కుంట చుట్టూ రాళ్లు పేర్చి, సిమెంటు కట్ట పోసి, మధ్యలో ఫౌంటెన్ పెడతారు. నీటికోడి గూడు కట్టుకునేది ఒడ్డున తుంగలో, కొంగ నిలబడేది మోకాటి లోతు నీళ్లలో. ఆ అంచునే సిమెంటు చేస్తే ఇంక పిట్ట ఎక్కడ వాలుతుంది? హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో వట్టివేరు, మెట్టతామర లాంటి మొక్కలను తెప్పల మీద పెంచి, వాటి వేళ్లతో నీటిని శుభ్రం చేయించారు. గ్రాంట్ అడిగితే అలాంటి పనికి అడగండి. మేం కూడా నాలా కలిసేచోట జమ్ము, వట్టివేరు వేశాం. రెండో ఏడు లకుముకి పిట్ట వచ్చింది.

చివరిగా, ప్రపోజల్‌లో మనిషి జీతం రాయండి. కొట్టేస్తారు, అయినా రాయండి. మేం చూసిన ఏ గ్రాంటూ మొక్కలకు ఇచ్చినట్టు కాపలా మనిషికి ఇవ్వలేదు. సీఎస్ఆర్ పనిని మొదలుపెట్టిన ఏడు కాక ఇంకో మూడేళ్లు నడపొచ్చని నిబంధన ఉంది, దాన్ని చూపించి పట్టుబట్టండి. వెనకటి వాళ్లు నీరటికి పంటలో వాటా ఇచ్చారు కాబట్టే ఆ తూము అన్నేళ్లు పనిచేసింది. ఇప్పుడు మా కాలనీలో 60 ఇళ్ల వాళ్లం నెలకు తలా 150 రూపాయలు వేసుకుని ఆ పెద్దాయన మనవడికి ఇస్తున్నాం. గుర్రపుడెక్క కనిపిస్తే ఆ రోజే పీకేస్తాడు, చెత్త ఆటోలను ఆపుతాడు, వాన పడే రాత్రి టార్చి పట్టుకుని మత్తడి దగ్గర ఉంటాడు.

మీ కుంట పేరు, మండలం కింద రాయండి. మ్యాపు ఉందో లేదో నేను చూసి చెప్తాను. ఈలోగా మీ దగ్గర పాత ఊరి వాళ్లు ఎవరైనా మిగిలారేమో కనుక్కుని, ఒకరోజు పొద్దున్నే వాళ్లను కట్ట మీదికి తీసుకెళ్లండి. పార వెంట పెట్టుకోండి.