పాత లోగిళ్ళకు కొత్త కాపురం: పాఠకుల ప్రశ్నలు, ఇంజినీరు జవాబులు

తాళం వేసి వదిలేసిన పెద్దల ఇళ్ళను బాగుచేసుకుని మళ్ళీ కాపురం పెట్టాలనుకునే వారి నుంచి ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో దాదాపు అన్నీ గోదావరి డెల్టా ఊళ్ళ నుంచి వచ్చినవే. అందరికీ పనికివచ్చే వాటిని ఎంచి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: ఆర్యా, అమలాపురం దగ్గర మా తాతగారు కట్టించిన మండువా లోగిలి (నడుమ కప్పు లేని చోటు, దాని చుట్టూ పంచలు ఉన్న పాత ఇల్లు) ఉంది. నాన్నగారు పోయాక పదేళ్ళకు పైగా తాళం వేసి ఉంచాము. ఉద్యోగ విరమణ తరువాత నేనూ నా భార్యా అక్కడే స్థిరపడదామనుకుంటున్నాము. గోడలు అడుగున మూడడుగుల మేర నెమ్ము పట్టి, ఆ మధ్య చేయించిన సిమెంటు పూత పెచ్చులుగా రాలిపోతోంది. పెంకులు దింపి స్లాబు వేస్తే కొత్త ఇల్లయిపోతుందని మేస్త్రి అంటున్నారు. బంధువులు అసలు పడగొట్టి కట్టుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
(అమలాపురం ప్రాంతం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పడగొట్టవద్దు, స్లాబూ వేయవద్దు. నెమ్ము సంగతి తేలేదాకా గోడకు రంగు డబ్బా కూడా తెరవవద్దు.

ముందుగా స్లాబు మాట. మంగుళూరు పెంకుల కప్పు, వాసాలూ రీపర్లతో (పెంకులు ఆనే అడ్డకర్రలతో) కలిపి, చదరపు మీటరుకు సుమారు 65 కిలోల బరువుంటుంది. అయిదు అంగుళాల కాంక్రీటు స్లాబు అదే మేరకు 300 కిలోలు దాటుతుంది. మీ గోడలు గానుగ సున్నంతో కట్టినవి, వాటి పునాది ఆ తేలిక కప్పును మోయడానికి తీసినది. పైగా మన నల్లమట్టి వానల్లో ఉబ్బి ఎండల్లో బీటలు వారే నేల. ఆ చిన్న చిన్న కదలికలను సున్నపు కట్టుబడి సర్దుకుంటుంది, కర్ర కప్పు కూడా సర్దుకుంటుంది, స్లాబు మాత్రం సర్దుకోలేక పగులుతుంది. ఆ పగుళ్ళలో నుంచి నీరు దిగి మీరు ఎంతో ఇష్టంగా చేయించుకున్న గదులను రెండు మూడు వానాకాలాల్లోనే పాడుచేస్తుంది.

ఇక నెమ్ము. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల నీరు పారిన తరువాత వచ్చిన కలిమితోనే డెల్టాలో చాలా లోగిళ్ళు లేచాయి. ఆ కాలువలూ ఆ వరిచేలే మన భూగర్భజలాన్ని ఏడాదిలో ఎక్కువ భాగం నేలకు దగ్గరగా నిలిపి ఉంచుతాయి. ఇటుక సన్నని రంధ్రాల ద్వారా ఆ నీటిని పైకి పీల్చుకుంటుంది. మామూలుగా అది మూడు, నాలుగు అడుగుల ఎత్తుకు చేరి, అక్కడ గాలికి ఆవిరై, తనతో తెచ్చిన ఉప్పును గోడలో వదిలిపెడుతుంది. సున్నపు పూత ఈ ఆవిరిని బయటకు పోనిస్తుంది. సిమెంటు పూత దానికి అడ్డం పడడం వల్ల నీరు ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు పూత వెనుక గడ్డకట్టి ఇటుక ముఖాన్నే పెళ్ళగిస్తుంది. మీ ఇంట్లో జరిగింది ఇదే. దాని మీద నీరు చొరని రంగులూ, పింగాణీ పలకలూ అంటిస్తే గోడకు మరింత కీడు చేసినవారవుతారు.

అందువల్ల మొదటి పని ఇంటి బయట మొదలవుతుంది. ఏళ్ళ తరబడి పెరటి మట్టి, ఆకూ అలమూ, పోయించిన మెరక కలిసి గోడ పక్కన నేల మట్టాన్ని పెంచి ఉంటాయి. ఆ మట్టిని తవ్వించి, లోపలి గచ్చు కంటే కనీసం ఆరు అంగుళాలు, వీలైతే అడుగు దిగువకు తీసుకురండి. చూరు నీరు పడే చోట గోడకు దూరంగా వాలుగా కాలువ తీసి, గోడ మొదట్లో సిమెంటు చప్టా కాక కంకర పరిపించండి. గోడ చుట్టూ సిమెంటు చప్టా వేస్తే నేలలోని తేమకు పైకి రావడానికి మీ గోడ తప్ప వేరే దారి ఉండదు. మండువా మధ్యలోని తూము కూడా తవ్వించి చూడండి, తాళం పడిన ఇళ్ళలో అది వేళ్ళతోనో మట్టితోనో పూడిపోయి ఉండడం సర్వసాధారణం. చాలా ఇళ్ళలో ఈ పనులతోనే నెమ్ము సగానికి సగం తగ్గుతుంది. అంత చవకైన మందును వదిలి రసాయనాల వైపు పరుగెత్తడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

అప్పటికీ తగ్గకపోతే గోడను రెండు మూడు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి చొప్పున అడుగున కోసి, గట్టి రాతి పలకనో నీరు చొరని పొరనో దూర్చే పద్ధతి ఉంది. అనుభవం ఉన్న మేస్త్రి, పక్కనే నిలబడే ఇంజినీరు లేకుండా దానికి దిగవద్దు. గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించే పద్ధతి కొత్త ఇటుక గోడల్లో బాగానే పనిచేస్తుంది కానీ, లోపల సందులూ బోలు చోట్లూ ఉండే పాత సున్నపు గోడల్లో మందు సమంగా పాకదు కనుక నేను దానిని మొదటి మాటగా చెప్పను.

పాత సిమెంటు పూతను నెమ్ము కనిపించే గీత కంటే మరో రెండడుగుల పైదాకా కొట్టించేసి, గోడను అలాగే ఆరనివ్వండి. లావు గోడ ఆరడానికి నెలలు పడుతుంది. ఆ ఓపిక లేక పని చెడగొట్టుకున్న వారే ఎక్కువ. రబీ కోతలయ్యాక కాలువలు కట్టేసే వేసవి రోజుల్లో నీటి మట్టం దిగుతుంది కాబట్టి సంక్రాంతి వెళ్ళగానే పూత కొట్టించి, వేసవి చివర కొత్త పూత వేయించుకునేలా పనిని అమర్చుకోండి. కొత్త పూత సున్నంతోనే ఉండాలి: ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ శుభ్రమైన ఏటి ఇసుక, తేమ తగిలే కింది భాగంలో ఆ ఇసుకలో కొంత తగ్గించి బాగా కాలిన ఇటుక పొడి. పైకి సున్నపు వెల్ల సరిపోతుంది. లేత రంగు కలుపుకుంటే ఆధునికంగానూ ఉంటుంది, గోడ ఊపిరీ నిలుస్తుంది.

కప్పు విషయంలో పెంకులన్నీ దింపించి, పగలని వాటిని కడిగి దాచి, వాసాలను ఒక్కొక్కటిగా ఉలితో పొడిచి చూడాలి. గోడలో కూర్చున్న కొస మాత్రమే పుచ్చిన వాసానికి అతుకు వేయవచ్చు, మొత్తం మార్చనక్కరలేదు. స్తంభాలూ అంతే: అడుగు పాడైన టేకు స్తంభానికి ఆ మేర కోసి కొత్త టేకు ముక్క జోడించి, కింద రాతి పీట పెట్టించండి. మళ్ళీ పెంకులు పేర్చేటప్పుడు చూరు, అంచు, కొప్పు వరుసల్లో ప్రతి పెంకునూ తుప్పు పట్టని తీగతో రీపరుకు కట్టించాలి. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఎంతగా ధ్వంసం చేసిందో మీకు చెప్పనక్కరలేదు. గాలి కప్పును ముందుగా అంచుల దగ్గరే లేపుతుంది, అక్కడ నిలబడితే మిగిలినది చాలావరకు నిలుస్తుంది.

పాత తలుపుల రంగును పొడిగా గీకించవద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 90 పీపీఎమ్‌కు (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు) పరిమితం చేసే నిబంధన 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. తడిపి గీకించి, ఆ పొట్టును పోగుచేసి, పనివారికీ పిల్లలకూ దూరంగా పారవేయించండి.

ప్రశ్న: మా అమ్మమ్మగారి ఇల్లు పాలకొల్లు దగ్గర. ఊళ్ళో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరిగి, ఇప్పుడు మా గడప రోడ్డు కంటే పల్లమైంది. జాకీలతో ఇల్లంతా ఎత్తించుకోవచ్చని చెబుతున్నారు. నమ్మవచ్చునా?
(పాలకొల్లు ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పద్ధతి నిజమైనదే, కోస్తా పట్టణాల్లో జరుగుతున్నదే. గోడల కింద ఉక్కు చానళ్ళు దూర్చి, వాటి కింద వరుసగా జాకీలు పెట్టి, అన్నిటినీ ఒకే లెక్కన తిప్పుతూ ఇంటిని కొద్ది కొద్దిగా లేపుతారు. అయితే అది అన్ని ఇళ్ళకూ ఒకే విధంగా కుదరదు. సిమెంటు కట్టుబడి, పైన స్లాబు, కింద బెల్టు (గోడలన్నిటినీ కలిపి పట్టే కాంక్రీటు పట్టీ) ఉన్న ఇల్లు ఒక్క ముక్కగా లేస్తుంది. మట్టి లేదా సున్నపు కట్టుబడితో, పైన పెంకులతో ఉన్న పాత ఇంటికి అన్ని గోడలనూ కలిపి పట్టుకునే బంధం ఉండదు కనుక, జాకీల్లో కొద్ది తేడా వచ్చినా మూలలు విడిపోతాయి. మీ ఇల్లు రెండో రకమైతే నేను ఎత్తించమనను. గదుల ఎత్తు పదకొండు, పన్నెండు అడుగులు ఉంటే లోపలి నేలను ఇసుకతో ఒక అడుగు లేపి, గడపలనూ ద్వారబంధాలనూ పైకి జరిపించడం చాలా చవక, చాలా క్షేమం. వరండా ముందు అడ్డంగా జాలీ మూత ఉన్న కాలువ కట్టించి, రోడ్డు నీరు గుమ్మం దాకా రాకుండా పక్కకు మళ్ళించండి.

ఎత్తించడానికే నిశ్చయించుకుంటే ముందు పునాది మట్టిని పరీక్ష చేయించండి. పని చేసేవారు ఇంతకుముందు ఎత్తిన ఇళ్ళలో కొన్నేళ్ళు గడిచిన వాటికి వెళ్ళి, కిటికీల మూలల్లో పగుళ్ళు ఉన్నాయేమో మీ కళ్ళతో చూడండి. 1986 ఆగస్టు గోదావరి వరదలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఊరి పెద్దలను అడిగి, కొత్త మట్టాన్ని ఆ గుర్తుకు పైన నిర్ణయించుకుంటే ఖర్చుకు అర్థం ఉంటుంది.

ప్రశ్న: సఖినేటిపల్లి వైపు మాది స్లాబు ఇల్లు. కట్టి నలభై ఏళ్ళు దాటింది. పక్క పొలం రొయ్యల చెరువైంది. లోపల స్లాబు పెచ్చులూడి చువ్వలు కనబడుతున్నాయి. పెచ్చులూడిన చోట సిమెంటు పూసి, కింద ఫాల్స్ సీలింగు వేయిస్తే అందంగా ఉంటుందని అంటున్నారు.
(సఖినేటిపల్లి ప్రాంతం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దయచేసి ఆ పని చేయించవద్దు. ఫాల్స్ సీలింగు వెనుక ఇనుము తుప్పు పడుతూనే ఉంటుంది, మీకు కనబడదు. పెచ్చు ఎప్పుడు రాలినా కింద పడుకున్న వారి మీదే పడుతుంది.

సముద్రపు గాలిలోనూ చెరువు ఊటలోనూ ఉండే ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులో దిగి చువ్వలను తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును బయటకు నెడుతుంది. ఊడిన చోట మాత్రమే పూస్తే, క్లోరైడు మిగిలి ఉన్న పక్క భాగంలో తుప్పు మరింత వేగంగా సాగుతుంది. కాబట్టి ముందు ఆ గది ఖాళీ చేసి, కింద సపోర్టులు పెట్టించి, స్లాబు మొత్తాన్ని చిన్న సుత్తితో తట్టించండి. డొల్ల శబ్దం వచ్చిన ప్రతి చోటునూ సుద్దతో గుర్తు పెట్టి, నమూనా పొడిని క్లోరైడు పరీక్షకు పంపండి. దెబ్బ కొద్ది మేరకే ఉంటే డొల్ల కాంక్రీటును చువ్వ వెనుకదాకా కొట్టి, తుప్పును మెరిసేదాకా తోమి, జింకు ప్రైమరు పూసి, పాలిమరు కలిపిన మోర్టారుతో నింపాలి. చువ్వ మందం కంటికి తెలిసేలా తగ్గి ఉంటే కొత్త చువ్వలు జోడించే లెక్క స్ట్రక్చరల్ ఇంజినీరు చేయాలి. సగానికి పైగా స్లాబు డొల్లగా పలికితే బాగుచేయడం కంటే ఆ గది కప్పును తీసి మళ్ళీ వేయడమే మేలు.

కొత్తగా వేసే కాంక్రీటుకు మీ బోరు నీరు వాడవద్దు. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉండే కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పునీటి చెరువుల పక్క బోర్లలో అది సులభంగా దాటగలదు. తీరప్రాంతపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటులో చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం) ఉండాలని కూడా అదే ప్రమాణం చెబుతోంది. సెంట్రింగు వేసిన రోజున కవరు బిళ్ళలు సరిగా పెట్టారో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి. మీ గోడకూ చెరువు గట్టుకూ మధ్య మీ స్థలంలోనే లోతైన మురుగుబోదె తీసి ఊటను మళ్ళించడం కూడా ఈ పనిలో భాగమే.

ప్రశ్న: మండువా మీద గాజు కప్పు వేసి హాలుగా మార్చుకోవచ్చునా?
(రావులపాలెం ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పూర్తిగా మూసేలా వేయవద్దు. వేడి గాలి పైకి పోయే దారి మండువాయే, మూస్తే మే నెలలో నాలుగు పంచలూ ఉడికిపోతాయి. దోమలూ కోతులూ భయమైతే తెరచిన చోట జాలీ బిగించండి. వాన జల్లు భయమైతే పాలికార్బొనేటు కప్పును చుట్టూ ఉన్న పెంకుల కంటే రెండడుగుల ఎత్తున నిలిపి, నాలుగు వైపులా గాలి ఆడేలా వదలండి.

ప్రశ్న: పాత ఇంట్లో పడకగదులకు ఆనుకుని స్నానాల గదులు కావాలి. పెరట్లో మంచినీటి నుయ్యి ఉంది. చెదలు కూడా ఉన్నాయి. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
(కొత్తపేట ప్రాంతం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సున్నపు గోడల గదిని చీల్చి స్నానాల గది చేయవద్దు. పడకగది వెనుక గోడకు బయట, తన పునాది తనకుండేలా విడిగా కట్టి, మధ్య సందును సాగే పదార్థంతో మూసి, ఉన్న కిటికీని తలుపుగా మార్చుకోండి. పాత గోడ, కొత్త గోడ వేరువేరుగా కుంగుతాయి కనుక రెండింటినీ కలిపి కట్టకూడదు. నీటి గొట్టాలు పాత గోడలో పూడ్చకుండా బయటనే నడిపించండి, కారినప్పుడు కంటికి కనబడతాయి.

మరుగుదొడ్డి నీరు ఇంకే గుంట నూతికి 50 అడుగులకు దగ్గరగా ఉండరాదు, నేల వాలులో నూతికి ఎగువన అసలే ఉండరాదు. నీటి మట్టం పైన ఉండే మన ఊళ్ళలో లోతు గుంట తవ్వితే మురుగు నేరుగా భూజలంలో కలుస్తుంది. అందుచేత నీరు కారని సెప్టిక్ ట్యాంకు కట్టించి, దాని నుంచి వచ్చే నీటిని మెరక మీద ఇసుక, కంకర పరచిన వెడల్పాటి మడిలో ఇంకించండి. అరటి, మెట్టతామర ఆ మడిలో బాగా పెరుగుతాయి.

చెదల మందుకు భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడవ భాగం కట్టిన ఇళ్ళ కోసమే ఉంది, పని ఒప్పుకునేవారిని దాని ప్రకారం చేయమని రాయించుకోండి. నుయ్యి ఉన్న వైపు నేలలోకి మాత్రం మందు ఎక్కించనివ్వవద్దు. అక్కడ పుట్టను తవ్వించి, గోడ మొదట్లోని కర్రా చెత్తా తీయించి, ద్వారబంధాల అడుగులు రాతి మీద నిలిచేలా మార్పించండి. మందు కొట్టిన తరువాత నూతి నీటిని పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా తాగడానికి బయటి నుంచి తెచ్చుకోండి.