పైథాన్ తెరిస్తే మూడు బాణం గుర్తులు వచ్చి ఆగిపోతోంది. ఏం టైప్ చేయాలి?

బీకామ్ అయ్యాక బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ పైథాన్ (ప్రోగ్రామ్‌లు రాసే భాష) నేర్చుకుంటున్నానని, >>> దగ్గర వీడియోలో ఉన్నదే కొడుతున్నానని రాశారు. వీడియో కాసేపు ఆపండి. ఆ గుర్తు వచ్చిందంటే మీరు చెప్పేదాని కోసం అది ఎదురుచూస్తోందని అర్థం, అంతే. ఊరి నుంచి మా ఫ్లాట్‌కి వచ్చే కుర్రాళ్లతో నేను ముందు అద్దె లెక్క చేయిస్తాను:

>>> అద్దె = 18000
>>> అద్దె / 3
6000.0
>>> _ + 450
6450.0

అవును, పైథాన్ 3లో పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. (ఆఫీసులో మాత్రం అలా పెట్టకండి, పక్క సీటు కన్నడ మిత్రుడు తల పట్టుకుంటాడు.) 450 కరెంటు బిల్లులో మీ వాటా అనుకోండి. కింది గీత (_) అంటే ఇంతకుముందు వచ్చిన జవాబు. ఒక్క వాలు గీతతో (/) భాగిస్తే ఎప్పుడూ దశాంశంతోనే వస్తుంది, // పెడితే 6000 అని వస్తుంది.

ఎంటర్ కొట్టే ముందు జవాబు మనసులో అనుకోండి. అసలు నేర్చుకునేది అక్కడే. 7 // 2 అంటే 3, అది అందరూ చెప్తారు. మరి -7 // 2? చాలామంది -3 అంటారు. వచ్చేది -4. ఎందుకంటే అది చివరి దశాంశాన్ని కోసేయదు, కిందివైపున్న పూర్ణాంకానికి దిగుతుంది. అలాగే పొడవు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్‌కి 'తెలుగు' అని ఇచ్చి, అంటే len('తెలుగు') అని కొట్టి చూడండి. మనకి కనిపించేవి మూడు అక్షరాలే, అది 6 అంటుంది. ఎత్వాన్నీ కొమ్ముల్నీ కూడా విడిగా లెక్కపెడుతుంది మరి.

ఎర్రర్ వస్తే టెన్షన్ పడకుండా ముందు చివరి లైన్ చదవండి, విషయం అక్కడే ఉంటుంది. >>> బదులు మూడు చుక్కలు వచ్చాయంటే చాలాసార్లు ఎక్కడో బ్రాకెట్ మూయలేదని అర్థం. కంట్రోల్, సీ కలిపి నొక్కితే బయటపడతారు. పాత లైన్ మళ్లీ కావాలంటే పైబాణం కీ నొక్కండి. ఫైల్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే మాత్రం ఇక్కడ ఆ ప్రోగ్రామ్ నడవదు. దాన్ని బయట, టెర్మినల్‌లో (కంప్యూటర్‌కి కమాండ్లు టైప్ చేసే విండోలో) నడపాలి.

మూసేయాలంటే ఎగ్జిట్ అని కొట్టి ఖాళీ బ్రాకెట్లు పెట్టండి, exit() అని. 2024లో వచ్చిన పైథాన్ 3.13 నుంచి బ్రాకెట్లు లేకపోయినా వింటుంది. మూశాక మీ అద్దె లెక్క ఏదీ మిగలదు, కాబట్టి రేపు కూడా కావాలనుకున్నది ఫైల్‌లో రాసుకోండి.